నాజియె మేపిన డేగ

మా తోటికోడలు నాజియె గురించి చెప్పాలంటే ముందు మా మరిది సెలామీని తిట్టాలి. తప్పదు. టర్కీలో నల్లసముద్రం ఒడ్డునున్న మా అర్హావి కొండల్లో ఏ టీకొట్టులో అడిగినా, డేగను మచ్చిక చేయడంలో సెలామీ తర్వాతే ఎవరైనా అంటారు. విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

వల వేసి డేగను పట్టి తేవడం వరకే అతగాడి పని. అది బెదిరిపోయి రెక్కలు కొట్టుకుంటుంటే చేతిమీద పెట్టుకుని కూర్చున్నది నాజియె. మొదట మాంసం ముక్కను వేళ్లమధ్య పట్టుకుని దాని ముక్కుకు తగిలించేది. తినడం మొదలెట్టాక ముక్కను కాస్త దూరం జరిపేది. ఆ తర్వాత కాలికి పొడుగు దారం కట్టి, టీ తోట గట్టుమీద కూర్చోబెట్టి, నాలుక చప్పరిస్తూ పిలిచేది. వస్తే ముక్క. రాకపోతే కోపమూ లేదు, ముక్కా లేదు.

"కొడితే ఇంక ఆ చేతి మొహం చూడదక్కా. పెట్టిన చేతికే వస్తుంది," అనేది.

"పెట్టిన చేతిని మర్చిపోడానికి అదేమన్నా నీ మొగుడా?" అన్నాను ఉండబట్టలేక. నవ్వేసింది.

సెలామీ ఆ డేగతో పూరేడు పిట్టల వేటకెళ్లి సంచి నింపుకొచ్చాడు. పేరు అతనికి, ఈకలు పీకే పని నాజియెకి.

పూరేళ్లు కొండలు దాటిపోయాక డేగను కడుపారా మేపి వదిలెయ్యాలి. మా తాతల కాలం నుంచీ ఉన్న మాట ఇది. చలి ముదిరేలోపు అదీ దక్షిణానికి పోవాలి కదా! సెలామీ వదల్లేదు. టీకొట్టుకి ఎవరొచ్చినా ఈలవేసి చేతిమీదికి రప్పించి చూపాలి. నిండిన కడుపుతో డేగ రాదు. అందుకని పస్తులు పెట్టాడు దొంగసచ్చినోడు. దాని రొమ్ముమీద చెయ్యి వేస్తే ఎముకే తగులుతోంది.

"వదిలెయ్యవయ్యా, చచ్చిపోతుంది," అంది నాజియె.

"నా డేగ, నా ఇష్టం. నువ్వెళ్లి రొట్టెల సంగతి చూడు."

మర్నాడు నాజియె తలగుడ్డ బిగించి కట్టుకుని, ఆడవాళ్లు గడప తొక్కని ఆ టీకొట్టులోకి నేరుగా నడిచింది. వెనకే నేను. పేకాట ఆగిపోయింది. తను రుమాలు విప్పి, పచ్చి మాంసం ముక్క పైకెత్తి నాలుక చప్పరించింది. అంతే, డేగ సెలామీ చేతిమీంచి లేచొచ్చి తన పిడికిలిమీద వాలింది.

మొగుడికేసి చూడకుండా ముక్క తర్వాత ముక్క పెడుతూనే ఉంది.

"అయ్యో వదినా, అంత పెట్టకు! కడుపు నిండితే మళ్లీ రాదు!" అని అరిచాడు కొట్టు యజమాని దుర్సున్.

"అందుకేగా పెడుతున్నా."

సెలామీ లేవబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. "కూర్చో సెలామీ, టీ చల్లారిపోతుంది," అన్నాను.

నాజియె వాకిట్లోకి వెళ్లి, డేగ కాలి తోలుతాడు కోసి, చెయ్యి పైకెత్తింది. నన్ను తోసుకుని పరుగెత్తాడు సెలామీ. ఈలవేశాడు, కేకలేశాడు, చివరికి దుర్సున్‌ని మాంసం ముక్క అడుక్కుని మరీ ఊపాడు.

కడుపు నిండినదానికి అతని ఈలతో ఏం పని?