గోవా ఓడకు ముందు అక్కను పోచంపాడ్ పడవ ఎక్కించాను

మా అక్క రాజవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. మస్కట్‌లో పనిచేసే ఆమె కొడుకు శ్రీను, ముంబై నుంచి గోవా పోయి వచ్చే పెద్ద ఓడలో మా ఇద్దరికీ టికెట్లు తీశాడు. గోవాలో ఓడ ఆగిన రోజు చిన్న పడవల్లో తిప్పుతారట. ఒకటి సముద్రంలో డాల్ఫిన్లను చూపించేది, ఇంకోటి మడచెట్ల మధ్య నది పాయలో మెల్లగా పోయేది. ఏది కావాలో ముందే చెప్పాలి. శ్రీను ఫోన్లో, "అమ్మ మోకాళ్లు మంచిగ లెవ్వు మామా. ఆమెను ఓడ గదిలనే ఉంచు, నువ్వు చూసి రా" అన్నాడు. అక్క పక్కనే వింటోంది. "నాలుగు గోడలు నాకు మన పెర్కిట్ల ఇంట్ల లెవ్వా? గంత దూరం పోయి గోడలు చూడాల్నా?" అని లేచి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు.

శ్రీను పంపిన ఆ పడవల ఫోటోల్లో నవ్వే మనుషులున్నారు గానీ మెట్టు ఎంత ఎత్తో, చేతికి పట్టు ఏముందో లేదు. నేను ఆర్మూర్‌లో పసుపు అమ్మి బతికినవాణ్ణి. మా యార్డులో కుప్పను పైపైన చూసి ఎవడూ ధర కట్టడు. లోపలికి చెయ్యి పెట్టి, కొమ్ము తీసి, విరిచి చూస్తాడు. అక్కను కూడా నీళ్ల మీద కూర్చోబెట్టి చూస్తేగానీ తేలదనుకున్నాను.

పొద్దున ఎనిమిదికి పెర్కిట్‌లో నిర్మల్ బస్సెక్కాము. ఆడవాళ్లకు బస్సు ఉచితం గనుక ఆధార్ చూపితే అక్కకు డబ్బుల్లేవు, నాకు నలభై రూపాయల లోపే. అరగంటలో పోచంపాడ్ చౌరస్తా. అక్కడి నుంచి డ్యాం దాకా ఆటోలో మనిషికి ఇరవై. దసరా వెళ్లాక నీళ్లు నిండుగా ఉంటాయి, గాలి లేవకముందే పోవాలి. అక్క ఎక్కడానికని నేను ఒక ప్లాస్టిక్ స్టూలు మోసుకుపోయాను.

ఒడ్డున గంగారాం అనే చేపలాయన వల దులుపుతున్నాడు.

"ఏడికి పోవాలె కాకా?"

"ఏడికీ లేదు. మా అక్క పడవల కూసుంటదా లేదా చూడాలె."

"పిల్లను చూడవచ్చినట్టే ఉన్నది గద" అని నవ్వాడు. మూడు వందలకు ఒప్పుకున్నాడు. మునగకుండా వేసుకునే లైఫ్ జాకెట్లు ఇవ్వనిదే ఎక్కేది లేదన్నాను, తీసి ఇచ్చాడు.

స్టూలు బురదలో కూరుకుపోయింది. అక్క దాన్ని పక్కకు నెట్టి, పడవ అంచు మీద వెనక్కి కూర్చుని, ఒక్కో కాలు ఎత్తి లోపల పెట్టుకుంది. మేమిద్దరం చెరో పక్క పట్టుకున్నాము. ఎక్కడం ఇంత సులువా అనుకుని, గౌరవంగా ఉంటుందని పడవకు అడ్డంగా కొట్టిన ఎత్తు పలక మీద కూర్చోబెట్టాను. తప్పు అక్కడే చేశాను. కాళ్లు కిందికి అందలేదు, పట్టుకోవడానికేమీ లేదు. పడవ ఒడ్డు వదిలాక ఊగినప్పుడల్లా నా చొక్కా పట్టుకుని, "దించు తమ్మీ, నన్ను ఒడ్డుకు దించు" అంది. శ్రీను మాటే నిజమైంది, ఇక అక్కకు ఓడలో గదే గతి అనుకున్నాను.

గంగారాం పడవ తిప్పేలోపే అక్క పలక మీద నుంచి జారి కిందికి దిగి, కాళ్లు మడిచి, పలకకు వీపు ఆనించింది. యాభై ఏళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది ఇలా కూర్చునే. "గిట్లయితే సాయంత్రందాకుంట" అంది. నాకు నమ్మకం కలగలేదు. పడవను అలకు అడ్డం పెట్టమన్నాను. పడవ ఊగింది, అక్క బండలా ఉంది. పలక మీద దర్జాగా కూర్చున్న నాకే తల తిరిగింది.

"కిందికి రా తమ్మీ. నీ మగతనం ఒడ్డు మీద చూపెడుదువు."

దిగాను. నిజంగానే ఊపు సగమైంది. నీళ్లు చెంప పక్కనే పోతున్నట్టు కనబడ్డాయి. ఇన్నేళ్లు డ్యాం గట్టు మీద నుంచి చూసిన నీళ్లు ఇవేనా అనిపించింది.

డ్యాం దగ్గర చేపల ఫ్రై తిన్నాము. వండే ఆమె, "ముల్లు లేని ముక్క ఇయ్యాల్నా అవ్వా?" అంటే, "గాయనకియ్యి, పొద్దున్నుంచి బెదిరి ఉన్నడు" అంది అక్క.

సాయంత్రం నేను కనుక్కోమంటే శ్రీను గోవా పడవలవాళ్లను అడిగి ఫోన్లో చెప్పాడు. డాల్ఫిన్ల పడవలోకి నిచ్చెన దిగాలి, ఎత్తు బెంచీల మీదే కూర్చోవాలి. నది పాయ పడవ రేవుకు సమానంగా ఉంటుంది, చాప మీద కూర్చోవచ్చు. రెండోదానికి ఇద్దరి పేర్లూ ఇమ్మన్నాను. "చెయ్యి పట్టాల్సిన ముసలోళ్లు ఎవరని అడుగుతున్నరు మామా" అన్నాడు. అక్క ఫోన్ గుంజుకుని, "మీ మామ పేరు చెప్పు" అంది.

పెద్దవాళ్లకు ఏది సరిపడుతుందో మోకాళ్లను చూసి లెక్కకట్టాను గానీ, ఆ మనిషి బతుకంతా ఎలా కూర్చుందో చూడలేదు. కుర్చీలో బతికినవాళ్లకు చాప కష్టం కావచ్చు, మా అక్కకు కుర్చీ కష్టం. మీరు మీ పెద్దవాళ్లకు పడవ చూసేటప్పుడు "ముసలివాళ్లకు బాగుంటుందా?" అని అడగకండి, అందరూ బాగుంటుందనే అంటారు. మనుషులు లేని ఖాళీ పడవను రేవు దగ్గర కట్టి ఉన్నప్పుడు, ఎక్కే మెట్టూ కూర్చునే చోటూ కనబడేలా ఫోటో తీసి పంపమనండి. పంపనివాడి పడవ ఎక్కకండి.