సార్ లేచి వచ్చిన దూరం

సార్ పోయిన్రని మంగళవారం పొద్దున ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. భూపాలపల్లిల ఆఫీసుకు తయారై గడప దాటుతున్న. పాత విద్యార్థుల గ్రూపుల ఎవరో "మన టైపు సార్ ఇక లేరు" అని పెట్టిన్రు. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నయి. నాకు బొమ్మ పెట్ట మనసొప్పలేదు. జనగామల సార్ ఇంటికి ఫోన్ చేసిన. సార్ భార్యను మేమంత అమ్మ అనే పిలిచేది. "చాయ తాగి కుర్చీల కూసున్నరు బిడ్డా, గట్లనే పోయిన్రు" అన్నది అమ్మ. చానసేపటిదాక ఫోన్ ఇద్దరం పెట్టలేదు.

సార్‌ది జనగామల బట్టల దుకాణం మీద ఒక పొడుగాటి గది. ఎన్నో ఏండ్లు టైపు నేర్పిన్రు. మిషన్ల కాలం పోయినంక, యాభై దాటిన వయసుల తనే కంప్యూటర్ నేర్చుకొని నాలుగు కంప్యూటర్లు పెట్టిన్రు. పాత టైపు మిషన్లు వెనక గోడకు గుడ్డలు కప్పుకొని ఉండేటివి. కంప్యూటర్ మీటలను గూడ మిషన్ మీటల్లెక్కనే గట్టిగ కొట్టేటోల్లు. మమ్ములను మాత్రం "మెల్లగ, మెల్లగ, దానికి నొప్పైతది" అనేటోల్లు. సాయంత్రం గడ్డం గీసుకునే బ్రష్‌తోని ఒక్కొక్క కీబోర్డు దుమ్ము దులిపి గాని తాళం వేసేది కాదు.

నేను నర్సింహులపేట దిక్కు ఒక తండా పిల్లను. జనగామల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతూ, పొద్దుగూకె ముందు సార్ దగ్గర కంప్యూటర్ నేర్చుకునేదాన్ని. ఇంట్ల మా మాట వేరే. తెలుగు బడిల నేర్చుకున్నదే. మొదటి వారం నా తెర ఆగిపోయింది. నేను లేచి నిలబడి, "సార్, నా కంప్యూటర్ పండుకున్నడు" అన్న. గది గదంత నవ్వింది. సార్ నవ్వలేదు. "పండుకున్నడా? లేపుదాం పా" అని వచ్చిన్రు. గాని ఆ మాట నన్ను వదల్లేదు. మెట్లు ఎక్కుతుంటె "పండుకున్నడా, లేచిండా" అని వెనక నుంచి వినపడేది. నేను నోరు మూసుకున్న. డౌట్ వచ్చినా అడుగుడు బంద్ చేసిన.

సార్ అది గమనించిన్రు. ఆ కంప్యూటర్లల మనం కొనకుండనే, వాటితోనే వచ్చిన ఒక మెసేజ్‌ల ప్రోగ్రాం ఉండేది. నాలుగింటికి ఒకటే తీగ. ఇంటర్నెట్ లేకున్నా ఒక దాంట్ల రాస్తె ఇంకో దాంట్ల కనిపించేది. ఒకనాడు నా తెర మీద చిన్న డబ్బా తెరుచుకున్నది. ఇంగ్లీషు అక్షరాలు, మన మాట. "బిడ్డా, నోటితోని అడగబుద్ధి గాకుంటె గిండ్ల అడుగు." తలెత్తి చూసిన. సార్ ఆ మూల తన కంప్యూటర్ ముంగట, ఏం ఎరుగనట్టు కూసున్నరు.

అప్పటి నుంచి ఆ డబ్బానే నా నోరు. రోజుకు పది అడిగేదాన్ని. ఒకసారి హాస్టల్ నుంచి ఎండల నడిచి వచ్చి, కాళ్లు నొప్పి, జర ఆగి మొదలు పెడత అని రాసిన. సార్ దిగ్గున తలెత్తి చూసిన్రు. "కల్లా? కల్లు తాగి వచ్చినవా బిడ్డా?" అని జవాబు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలల కాళ్లు, కల్లు రెండూ ఒక్కతీరే. నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి తల దూర్చిన. ఆ గదిల నేను నవ్వుడు అదే మొదటిసారి.

దాంట్ల చెడు లేదా అంటె ఉన్నది. పిల్లలు పాఠం విడిచిపెట్టి ముచ్చట్లు పెట్టేటోల్లు. కరెంటు పోతె రాసిందంత పోయేది. సార్ దాని గురించి, "సిగ్గుపడేటోల్లకు ఇది నోరు. బద్ధకపోల్లకు ఇది సాకు" అనేటోల్లు. ఆ రెండో మాట తన మీదికే వస్తదని అప్పుడు ఆయనకు తెల్వదు.

రాష్ట్రం కోసం సమ్మె మొదలయ్యే రోజులు. రేపటి నుంచి బస్సులు బంద్ అని ఊరంత చెప్పుకుంటున్నరు. ఆ సాయంత్రం మెట్ల మీద ఇద్దరు నా మాటను, మా అమ్మ అద్దాల బట్టలను కలిపి నవ్విన్రు. నేను వచ్చి కూసొని, "సార్, రేపటి నుంచి నేను రాను" అని రాసిన. మూడు క్షణాలల జవాబు. "సరే బిడ్డా." అంతే. ఎందుకని అడగలేదు. నేను వచ్చినా రాకున్నా సార్‌కు ఒక్కటే అనుకున్న. సంచి సదురుకొని ఆఖరి బస్సుకు తండాకు పోయిన.

సమ్మె నడుస్తనే ఉన్నది. నేను మా అమ్మతోని పత్తి ఏరబోయేదాన్ని. చదువు ఇంక చాలనుకున్న. ఒకనాడు మధ్యాహ్నం చేన్లకు మా నాయిన వచ్చి, "ఎవరో ముసలి సార్ వచ్చిండు, నీ పేరు చెప్తుండు" అన్నడు. ఉరికిన. మా ఇంటి ముంగట మంచం మీద సార్, ఒళ్లంత దుమ్ము. జనగామ నుంచి స్కూటర్ మీద, ఊరూరికి ఆగి తొవ్వ అడుక్కుంట వచ్చిన్రు.

"ఎందుకొచ్చిన్రు సార్?" అన్న.

"బస్సులు బందైతయని నువ్వు ఊరికి పోతున్నవనుకున్న. నిన్న ఒక పిల్ల చెప్పింది, నువ్వు ఏడ్చుకుంట మెట్లు దిగినవట." కండ్లద్దాలు తీసి అంగీకి తుడుచుకున్నరు. "నువ్వు రాసింది చదివిన. నీ మొఖం చూడలె. లేచి వస్తె ఆరు అడుగులు, బిడ్డా. కూసున్న కాడ నుంచి సరే అని కొట్టిన. తప్పు నాదే."

నాకన్న పెద్దోల్లు, అందులో చదువు చెప్పే సార్, నాతోని తప్పు నాదే అనుడు నేను అంతకుముందు వినలేదు. మా అమ్మ జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తెచ్చి పెట్టింది. సార్ రెండు రొట్టెలు తిన్నరు. పోయేముందు మా అమ్మను, "రొట్టెను మీ మాటల ఏమంటరమ్మా?" అని అడిగిన్రు. "బాటి" అన్నది అమ్మ. ఆ మాటనే మల్ల మల్ల అనుకుంట స్కూటర్ ఎక్కిన్రు.

సమ్మె ముగిసినంక నేను పోయిన. ఆనాడు సార్ కంప్యూటర్లు ముట్టుకోనియ్యలేదు. అందరిని కూసోబెట్టిన్రు. "మన మాటను నవ్విన్రనే గద మనం రోడ్డెక్కింది? మరి ఈ పిల్ల మాటను మనం నవ్వితె, రేపు వచ్చే రాష్ట్రంల ఈ పిల్ల ఎక్కడికి పోవాలె?" గొంతు పెంచలేదు. నన్ను నవ్విన ఇద్దరిల ఒకామె సాయంత్రం నా పక్కకు వచ్చి కూసున్నది. సారీ అనలేదు గని, తన టిఫిన్ డబ్బాల నుంచి పల్లీలు తీసి నా ముంగట పెట్టింది.

అప్పటి నుంచి సార్ ఒక పద్ధతి పెట్టిన్రు. డౌట్లు డబ్బాల రాసుకోవచ్చు. వారానికి ఒక్కటన్నా నిలబడి అడగాలె. వస్త, పోత, బాధైంది అనేటివి మాత్రం మొఖం ముంగటనే చెప్పాలె. నాకోసం పెట్టిందే. తనకోసం గూడ. నా తెర మీద పొడుగు వాక్యం కనిపిస్తె చాలు, జవాబు కొట్టకుండ కుర్చీ వెనక్కి జరిపి లేచి వచ్చేటోల్లు.

ఇప్పటి కంప్యూటర్లల ఆ ప్రోగ్రాం లేదు. సార్ నాకు రాసిన మాటల్ల ఒక్కటి గూడ ఎక్కడ మిగలలేదు. కరెంటుతోనే పోయినయి. ఎంత వెతికినా దొరకవని తెలిసి గూడ, మొన్న ఆఫీసుల పని నడుమ ఒక ఖాళీ తెర తెరుచుకొని ఊకెనే చూసుకుంట కూసున్న.

రాష్ట్రం ఇస్తున్నమని చెప్పిన కొన్నాళ్లకే నాకు భూపాలపల్లిల కంప్యూటర్ ఆపరేటర్ పని దొరికింది. సార్ జనగామ బస్టాండుకు వచ్చిన్రు. గోడల మీద, మనుషుల అంగీల మీద గులాల్ రంగు ఇంక పోలేదు. బస్సు కదిలినంక సార్‌కు ఏదో యాదికొచ్చింది. కిటికీ ఊచ పట్టుకొని బస్సుతోపాటు నడుసుకుంట చెప్తున్నరు. ఇంజన్ మోతల ఒక్క ముక్క వినపడలేదు. "ఆ సార్, సరే సార్" అన్న. తర్వాత ఎన్నిసార్లు ఫోన్‌ల మాట్లాడుకున్నమో, ఆనాడు ఏం చెప్పిన్రని అడగనే లేదు. మొన్న సార్ ఇంటికి పోయి అమ్మను అడిగిన. తనకూ తెల్వదన్నది.

ఇప్పటికీ కండ్లు మూసుకుంటె బస్సు మెల్లగ కదులుతది. సార్ ఊచ విడువకుండ వడివడిగ నడుస్తుంటరు, పెదవులు కదులుతుంటయి, నేను తల ఊపుతుంట.