రెండు ఆకుపచ్చ గౌన్లు

మొన్న జూన్‌లో మా తమ్ముడి కూతురికి స్కూలు బట్టలు కొనడానికి మరదలితో కలిసి గిద్దలూరు బజారుకు పోయాను. నన్నెవరూ రమ్మనలేదు. బట్టల దుకాణంలో గొడవపడటానికి నాకంటే తగిన మనిషి మా ఇంట్లో లేదు కాబట్టి నేనే బయల్దేరాను. దుకాణంలో ఉన్నంతసేపూ పిల్ల చెయ్యి పట్టుకునే ఉన్నాను. చొక్కా తొడిగి చూడాలన్నా వదల్లేదు. చివరికి మరదలు, "వదినా, నువ్వు పట్టుకున్నది పిల్ల చెయ్యి, బోరింగు పిడి కాదు. ఎట్ల కందిపోయిందో చూడు," అంది. చూస్తే నా నాలుగు వేళ్ళ అచ్చులూ ఎర్రగా తేలి ఉన్నాయి. ఇలాంటి మాటకు మామూలుగా నేను ఊరుకునే రకం కాదు. మాటకు మాట, దానికి ఇంకో మాట వడ్డీ వేసి ఇస్తానని మా ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. ఆ రోజు మాత్రం నోరెత్తలేదు. నాకు ఒంట్లో బాగాలేదేమోనని మరదలు సోడా తెప్పించింది. సోడా తాగుతూ, ఆమెకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు గిద్దలూరులోనే అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయనకు ఉద్యోగం మార్కాపురంలో. పొద్దున్నే పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. కాబట్టి పిల్ల చదువు, పిల్ల బట్టలు, పిల్ల జలుబు అన్నీ నా శాఖలే. నా కూతురికి ఆరేళ్ళు. ఒకటో తరగతికి కాన్వెంటులో చేర్చాం. ఆకుపచ్చ గళ్ళ గౌను, లోపల తెల్ల చొక్కా, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఈ బట్టలు ఊళ్ళో ఒక్క దుకాణంలోనే దొరుకుతాయి. బడి తెరవడానికి రెండు రోజుల ముందు చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ దుకాణం మీదే పడేవి.

మా వైపు పిల్లల బట్టలు కొనడంలో ఒక పద్ధతి ఉంది. ఒంటికి సరిపోయే బట్ట కొంటే అది బుద్ధి తక్కువ కింద లెక్క. "పెరిగే పిల్ల" అనే ఒక్క మాటతో ఆరేళ్ళ పిల్లకు తొమ్మిదేళ్ళ పిల్ల గౌను తొడుగుతాం. చేతులు మోచేతులు దాటుతాయి, అంచు పిక్కల మీదికి దిగుతుంది, మెడ భుజం మీంచి జారుతుంది. అది చాలదన్నట్టు కింద మడత ఎంత ఉందో తిప్పి చూస్తాం, ఏటేటా కొంచెం విప్పి పొడుగు చేసుకోవచ్చని. ఈ పద్ధతి వల్ల ఒక సంగతి జరుగుతుంది, అది అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు. బొద్దుపిల్లా బక్కపిల్లా, పొట్టిదీ పొడుగుదీ, అందరూ ఆ గౌన్లలో ఒకటే కొలతకు వచ్చేస్తారు. వెనక నుంచి చూస్తే గౌను, రెండు జడలు, రెండు రిబ్బన్లు. పిల్లను మాత్రం గౌను మింగేసి ఉంటుంది.

ఆ యేడు ఇంకో భయం కూడా ఊళ్ళల్లో తిరుగుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు వచ్చారని పుకారు. కంభంలో పట్టుకున్నారట, త్రిపురాంతకంలో చెట్టుకు కట్టేశారట. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పేవాళ్ళు వందమంది. డిగ్రీ చదివినదాన్ని కదా, వాకిట్లో ఆ మాట ఎవరెత్తినా "మీరు చూశారా, మీరు చూశారా" అని వాదించి నోరు మూయించేదాన్ని.

దుకాణంలో నా పక్కన ఒక అవ్వ ఉంది. ముతక చీర, చేతికి వెండి కడియం. రాచర్ల దిక్కు పల్లె, గొర్రెలున్న ఇల్లు. అదంతా నేను అడగకుండానే తెలిసింది, ఎందుకంటే ఆమె దుకాణమంతటికీ చెబుతోంది. మనవరాలిని మొదటిసారి కాన్వెంటుకు పంపుతున్నారట. "ఇంక మా గొర్రెలకు గూడా ఇంగ్లీషులోనే అదిలిస్తాది నాయనా," అని దుకాణమాయనతో నవ్వింది. గౌను తొడిగాక ఆయన విప్పి సంచిలో పెట్టబోతే, "విప్పొద్దులే. ఊర్లో ఆటో దిగేటప్పుడు అందరూ చూడాల," అంది. నా కూతురికి కూడా అప్పుడే గౌను తొడిగి అద్దం ముందు నిలబెట్టాను. ఆమె మనవరాలూ అక్కడే నిలబడి ఉండాలి. నేను చూడలేదు. నేను గౌను అంచు చూస్తున్నాను.

"ఏందన్నా ఈ మడత? వేలు గూడా దూరదు. వచ్చే యేడు విప్పుదామంటే ఏం విప్పాల, నా జడనా?"

"అక్కా, అవి కుట్టుకొని అట్లనే వస్తాయి. నేను కుట్టేది కాదు గదా."

"కుట్టినోళ్ళకు పిల్లలు పెరుగుతారని తెలీదా? అమ్మే నీకు తెలీదా? నీకు పిల్లల్లేరా?"

ఆయన కొలత బద్ద తీశాడు. నేను నా మూరెడు నోరు తీశాను. వాదన వేడిలో ఎడమ చెయ్యి వెనక్కి చాపి, "చెయ్యి పట్టుకో, యాడికీ పోవద్దు," అన్నాను. చిన్న చెయ్యి ఒకటి వచ్చి నా చేతిలో దూరింది. గట్టిగా పట్టుకున్నాను. అలా పట్టుకుని పది నిమిషాలు, తక్కువ కాదు, పోట్లాడాను. గెలిచాను కూడా. అంచుకు లోపల వేరే గుడ్డ వేసి కుట్టిస్తానని దుకాణమాయన ఒప్పుకున్నాడు. "ఇట్ల రా, కొలత చూస్తాడు," అని ఆ చేతిని ముందుకు లాగాను.

దుకాణమాయన బద్ద పట్టుకుని వంగి ఆగిపోయాడు. "అక్కా, ఇందాక మీ పాపకు ముందు పళ్ళు ఉన్నాయి గదా," అన్నాడు.

తిరిగి చూశాను. నా కూతురు కాదు. కలిసిన కనుబొమలు, బుగ్గ మీద కాటుక చుక్క, పైన రెండు పళ్ళు లేని నోరు. ఏడవడం లేదు. నా ముఖంలోకే చూస్తోంది, తర్వాత ఏం చెయ్యమంటానో అని ఎదురుచూస్తున్నట్టు.

నాకు అప్పుడు ఏమైందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అద్దం దగ్గరికి పోయాను, గుడ్డల తానుల వెనక చూశాను, మెట్ల కింద చూశాను. ఆకుపచ్చ గౌను కనిపించిన ప్రతి పిల్లనూ భుజం పట్టి తిప్పాను. ఒక్కొక్క ముఖమూ పరాయిదే. తిప్పిన పిల్లలు ఏడుస్తున్నారు, వాళ్ళ తల్లులు తిడుతున్నారు. అంతసేపూ ఆ పిల్ల నా కొంగు పట్టుకుని నా వెనకే తిరిగింది. వాకిట్లో నన్ను వాదనలో ఓడించలేకపోయిన మాటలన్నీ, కంభం, త్రిపురాంతకం, ఒక్కసారిగా నిజమైపోయాయి.

మేజోళ్ళు కొంటున్న ఒకామె చెప్పింది. "కడియం వేసుకున్న ముసలామె పాప చెయ్యి పట్టుకొని పాయె గదా, ఆటోల కాడికి. చానా సేపాయె."

వంగి ఆ పిల్లను అడిగాను. "పాపా, మీ అవ్వేనా? ఎట్లుంటాది మీ అవ్వ?"

"అవ్వ మాదిరి ఉంటాది," అంది.

"మీ ఊరేంది?"

"మా ఊరే."

మామూలుగా అయితే ఈ జవాబులకు నవ్వేదాన్ని. ఆ పిల్లను చంకనెత్తుకుని ఆటోల దగ్గరికి పరిగెత్తాను. ఆయనకు ఫోను చెయ్యాలనుకున్నాను, కానీ ఏమని చెప్పాలి? నీ కూతురు లేదు, బదులుగా ఇంకో పిల్ల ఉంది అనా?

రాచర్ల ఆటో అప్పుడే పోయిందన్నారు. అప్పటికి చంకలో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నా జుట్టు ఊడిపోయింది, కాలికి చెప్పు ఒకటే ఉంది. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు దగ్గరికొచ్చారు.

"ఎవరి పాపమ్మా ఈమె? ఎందుకేడుస్తాంది?"

"నా పాప కాదన్నా," అన్నాను. ఆ ఎండలో, ఆ పుకార్ల మధ్య, అంతకంటే చెడ్డ మాట ఇంకోటి లేదని అన్నాక తెలిసింది.

"నీ పాప కాకపోతే నీ చంకలో ఎందుకుంది?"

ముగ్గురు ఎనిమిది మందయ్యారు. ఒకడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. కాలేజీలో డిబేట్లు గెలిచిన నోరు 'ఆటో, ఆటో' అని మాత్రమే అనగలిగింది. నన్ను ఇక్కడ ఆపేస్తే ఆటో దూరం పోతుంది, నా పిల్ల దూరం పోతుంది అన్నదొక్కటే తలలో తిరుగుతోంది. అంతలో ఆ పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేసి, "పెద్దమ్మా, అవ్వ కాడికి పోదాం పా," అంది.

మాకు అందరూ పెద్దమ్మలే, అందరూ అవ్వలే. తోవన పోయే మనిషినైనా వరస పెట్టి పిలవమనే పిల్లలకు నేర్పుతాం. ఆ ఒక్క పిలుపుకు నా మోచెయ్యి పట్టుకున్న చెయ్యి వదులైంది. "ఏందో ఇంటి గొడవలే," అన్నారెవరో. ఒక ఆటో అబ్బాయి, "ఎక్కక్కా," అన్నాడు.

ఊరు దాటి మూడు మైళ్ళు పోయామో లేదో రోడ్డు నిండా గొర్రెల మంద. హారన్ కొడితే అవి ఇంకా దగ్గరికి ముడుచుకున్నాయి. దిగి వాటి మధ్యలోంచి నడవబోతే ముందుకు ఒక అడుగు, వెనక్కి రెండు. దుమ్ము, ఉన్ని కంపు, గంటల చప్పుడు. నా కూతురు నన్ను పిలుస్తూ ఉంటుందా, పిలవడం మానేసి ఉంటుందా అని ఆలోచించాను. ఆ రెండో మాట తట్టేసరికి వెనక్కి వచ్చి ఆటో కమ్మీ పట్టుకున్నాను. మంద దాటేసరికి దూరంగా రోడ్డు పక్కన ఆటో ఒకటి ఆగి ఉంది. దాని చుట్టూ జనం ఉన్నారు.

అవ్వ నేల మీద కూర్చుని ఉంది. ఒకడు ఆమె చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడు. ఇంకొకడి చేతిలో కంప కొట్టే కర్ర. నా కూతురు ఆటోలో కూర్చుని బొరుగులు తింటోంది. అవ్వ ఆటోలో పేరు పెట్టి పిలిస్తే, "నా పేరు అది కాదవ్వా," అని నా కూతురే చెప్పిందట. మిగిలిన పని ఆటోలోని జనం చేశారు. "పిల్లల్నెత్తే ముసల్ది దొరికింది," అని ఒకడు దారిన పోయేవాళ్ళను పిలుస్తున్నాడు.

దారి పొడుగునా ఆ ముసలామెను ఏం తిట్టాలో కూర్చి పెట్టుకున్నాను. ఒక్క మాట నా నోట్లోంచి వస్తే చాలు, ఆ కర్ర లేచేది. నా చంకలోంచి పిల్ల జారి "అవ్వా" అని పరిగెత్తింది. అవ్వ మనవరాలి ముఖమంతా వేళ్ళతో తడిమింది. అప్పుడు చూశాను, ఆమె రెండు కళ్ళల్లోనూ తెల్లగా పొర.

"ఆమెను వదలండి," అన్నాను. "ఆమెకు కళ్ళు సరిగా కనపడవు. గౌను చూసి మనవరాలనుకుంది. నాకు కళ్ళు బాగనే ఉన్నాయి. నేను పది నిమిషాలు ఆ పాప చెయ్యి పట్టుకొని, నా కూతురనే అనుకున్నా. కొట్టేదుంటే ముందు నన్ను కొట్టండి."

కర్ర ఉన్నవాడు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "చదువుకున్నదాని మాదిరున్నావు. నీ బిడ్డ చెయ్యి నీకు తెలీదా?" అన్నాడు. నేను ఆటోలోకి వంగి నా కూతురి చెయ్యి పట్టుకున్నాను.

అవ్వ నా కాళ్ళ దిక్కు వంగబోయింది. "చెయ్యి చల్లగుంటే, జనాన్ని చూసి భయపడిందేమో అనుకుంటి బిడ్డా," అంది. నేనామెను పట్టి లేపాను. తిరిగి వచ్చేటప్పుడు నా కూతుర్ని అడిగాను, ఎందుకు పోయినావని. "అవ్వ రమ్మనింది. పెద్దోళ్ళు పిలిస్తే పోవాలని నువ్వే చెప్పినావు గదా," అని, బొరుగులు నాకూ పెట్టబోయింది.

బడి తెరిచిన రోజు గేటు దగ్గర నిలబడ్డాను. రెండు వందల ఆకుపచ్చ గౌన్లు ఒక్కసారి లోపలికి ఉరికాయి. వాటిలో నా కూతురు ఏదో మళ్ళీ తెలియలేదు. ఇంటికి రాకుండా మధ్యాహ్నం దాకా గేటు ఊచలు పట్టుకుని నిలబడితే, వాచ్‌మన్ కుర్చీ వేశాడు. ఆ రెండో పిల్ల కోసం కూడా వెతికాను. ఆ రోజు రాలేదు, మరునాడూ రాలేదు. వారం తర్వాత ఆటో అబ్బాయి చెప్పాడు. "ఆ అవ్వ బెదిరిపోయిందక్కా. గిద్దలూరు వద్దు, ఏ కాన్వెంటూ వద్దు అని పాపను ఊరి బడిలోనే వేసినారు." దుకాణంలో నేను గెలిచింది ఒక అంగుళం గుడ్డ. ఆ అంగుళం కోసం ఆ పిల్లకు ఒక బడే పోయింది. పోయి వాళ్ళకు నచ్చజెప్పి వద్దామని ఆ యేడంతా అనుకున్నాను. ఎంతమందితోనో పనికిరాని విషయాల మీద వాదించినదాన్ని, వాదించాల్సిన ఆ ఒక్క ఇంటికి పోలేదు. భయమేసింది.

నా కూతురు ఇప్పుడు ఒంగోలులో ఉద్యోగం చేస్తోంది. ఈ సంగతి చెబితే, "నాకేమీ గుర్తులేదమ్మా, నువ్వే ఎక్కువ చేసి చెప్తాన్నావు," అంటుంది. కావచ్చు. ఆరేళ్ళప్పుడు అది ఎలా ఉండేదో చూడాలంటే నేను ఆల్బమ్ తీయాల్సిందే, రోజూ చూసిన ముఖం ఏ రోజుకా రోజు మారుతూ పాత ముఖాన్ని తుడిచేసింది. గంటసేపు మాత్రం నా చంకలో ఉన్న ఆ పరాయి పిల్ల ముఖానికి ఏ ఫోటో అక్కర్లేదు, ఇరవై ఏళ్ళూ కలిసి దాని మీద ఒక్క గీత కూడా చెరపలేకపోయాయి.