అక్క కళ్లద్దాలు

పోయిన క్రిస్మస్ నాడు ఉదయం ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు డోన్‌లోని మా ఇంటి వరండాలో అందరం ఫోటోలకు కూర్చున్నాం. తొమ్మిదికి ఆరాధన. మనవరాలు షారోన్ కెమెరాకు దూరంగా, ఎడమవైపు స్టాండు మీద పెద్ద లైటు వెలిగించి పెట్టింది. మొదటి ఫోటోలో మా మరియమ్మక్క కళ్లద్దాల నిండా తెల్లటి మెరుపు పడింది. దాన్ని అప్పటికప్పుడే చెరిపేయించాను.

"లైటు పైకి జరిపితే ఆ మెరుపు పోతాది అవ్వా. ఐదు నిమిషాలుండు," అంది షారోన్.

"అంత టైము యాడుండాది? అద్దాలు తీసెయ్యక్కా," అన్నాను.

అక్క తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఎవరూ కనపడల్యా నాకు. యాడికి చూడాల్లమే?"

"ఆ వెలుగు తట్టు చూడు. అంత భక్తురాలివి, వెలుగు కూడా కనపడదా?" అన్నాను. అందరూ నవ్వారు, అక్క కూడా.

చర్చికి ఇరవై నిమిషాలు ముందే చేరి ఖాళీ బెంచీ మీద కూర్చున్నాం.

ఫిబ్రవరిలో అక్క పోయింది. జ్ఞాపకార్థ కూడిక కోసం ఆనాటి ఫోటోలు బయటికి తీసి చూస్తే, అన్నింటిలోనూ మేం కెమెరాను చూస్తున్నాం. అక్క ఒక్కతే పక్కకు, లైటు వైపు చూస్తోంది.

మిగుల్చుకున్నది ఐదు నిమిషాలు. ఉన్నవి ఆరు ఫోటోలు. పోయినది ఒకటి: అద్దాలు మెరిసినా, అక్క నేరుగా మావైపు చూసిన ఆ మొదటిది.