ఏమీ పడని వల

వలలు లాగే ఇంట్లో పుట్టి, వాటి నుంచి తప్పించుకుందామని ఎయిర్‌ఫోర్సులో చేరాను. వాళ్లు ట్రైనింగ్ ఇచ్చి మరీ నా చేతికి మళ్లీ వలే ఇచ్చారు. రన్‌వే చివర రెండు స్తంభాల మధ్య ఉండే నైలాన్ వల అది. దిగిన ఫైటర్ విమానం బ్రేకులు పట్టక దూసుకొస్తే మేం మీట నొక్కుతాం. వల లేచి, దాన్ని ఒడిసిపట్టి ఆపుతుంది. పేరు అరెస్టర్ బ్యారియర్. అరెస్టులంటే పోలీసుల పని అనుకునే మా అమ్మ మాత్రం బాపట్ల తీరమంతా "మావాడు విమానాలు పడతాడు" అని చెప్పుకొచ్చింది.

పెళ్లిచూపులకు అమ్మా నేనూ తెనాలి వెళ్లి, అక్కడ రేపల్లె రైలెక్కాం. ఫోటో చూసిన దగ్గర్నుంచీ నేను బ్రేకులు పట్టని విమానంలాగే ఉన్నాను. ఈ సంబంధం తప్పిపోతే ఆగేదెక్కడో తెలియదు.

అమ్మాయి నాన్నగారికి సొంత పడవ ఉంది. నా ఉద్యోగంలో వల మాట వినగానే ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"బిగుతుగా కడతారా బాబూ, వదులిస్తారా?"

"వదులేనండి. బిగిస్తే తెగిపోద్ది."

"అద్గదీ! మాదీ అంతే. ఇప్పటిదాకా ఎన్ని పడ్డాయి?"

"ఒక్కటి కూడా పడలేదండి," అన్నాను గర్వంగా.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. మావాళ్లలో ఎప్పుడూ ఖాళీ వల లాగేవాణ్ని పడవే ఎక్కించుకోరు, ఇక పిల్లనేం ఇస్తారు? ఆయన అమ్మవైపు జాలిగా చూశారు.

"అబ్బాయికి చెయ్యి కలిసిరావట్లేదేమో చెల్లెమ్మా."

"అదేంలేదన్నయ్యా, చిన్నప్పుడు రొయ్యలు బాగానే పట్టేవాడు," అంది అమ్మ నా తొడ గిల్లుతూ.

టీ తెచ్చిన అమ్మాయి అక్కడే ఆగింది.

"నాన్నా, నీ వల ఖాళీగా వస్తే మనింట్లో పొయ్యి వెలగదు. వాళ్ల వల ఖాళీగా ఉందంటే విమానాలన్నీ వాటంతటవే ఆగినట్టు. పైలట్లు ఇంటికెళ్లి అన్నం తిన్నట్టు."

ఆయన టీ సాసరులో పోసుకుని చాలాసేపు ఊదారు.

"ఏం పడకపోయినా జీతం ఇస్తారా?"

"ఇస్తారండి."

"తుఫానొచ్చినా?"

"వచ్చినా ఇస్తారండి."

"ఇట్టాంటి వల ఉందని మాకెవరూ చెప్పలేదే!" అని పకపకా నవ్వి, "అమ్మాయ్, అల్లుడికి ఇంకో నాలుగు జంతికలు పెట్టు," అన్నారు.

ఇప్పటికీ మావయ్య వేట నుంచి రాగానే ఫోన్ చేస్తారు.

"ఏవన్నా పడిందా అల్లుడూ?"

"లేదు మావయ్యా."

"హమ్మయ్య. ఇక్కడ చందువా చేపలు పడ్డాయి. ఆదివారం ఇద్దరూ రండి."