ఐరాలలో లేని కోడలు

చాలా ఏళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. ఒక ఆదివారం పొద్దున పక్కింటి మెట్ల దగ్గర నిలబడి ఒక పెద్దావిడకు చెప్పిన అబద్ధం. అబద్ధాలు అందరూ ఆడతారు. నేనైతే రోజూ ఆడతాను, నా ఉద్యోగమే అట్లాంటిది. కానీ ఈ ఒక్కటి మాత్రం గొంతు దిగలేదు. మా ఆవిడ లలితకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

మాది తిరుపతి. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఒక సందు. నేను లాడ్జిలో రిసెప్షన్ పని చేస్తాను. ఈ ఊళ్ళో శనాదివారాలు ఎట్లా ఉంటాయో ఎప్పుడైనా దర్శనానికి వచ్చిన వాళ్ళకు తెలుసు. అందరూ సెలవు చూసుకుని కొండకు వచ్చేది ఆ రెండు రోజులే. రూములు లేవని చెప్పడం, ఉన్న రూములో వేడినీళ్ళు వస్తాయని చెప్పడం, శుక్రవారం, శనివారం రాత్రుళ్ళు తెల్లవార్లూ ఇదే నా పని. ఇంటికొచ్చి పడుకునేది శనివారం పొద్దున, మళ్ళీ ఆదివారం పొద్దున. ఊరు లేచే వేళకు నాకు కళ్ళు మూతలు పడతాయి.

సరిగ్గా ఆ రెండు పొద్దుల్లోనే పక్కింటి శేఖర మిద్దె మీద గది కట్టడం మొదలుపెట్టాడు.

శేఖర మేస్త్రి. వారమంతా ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు కడతాడు. తన ఇంటికి మిగిలేది శని, ఆదివారాలే. కింద ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. అందులో తల్లి మునెమ్మ, అతను, కొత్తగా కాపురానికొచ్చిన భార్య గౌరి. కొత్త జంట పైన ఒక గది వేసుకోవాలనుకోవడంలో తప్పేముంది? ఏమీ లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నేను నిద్రలేని మనిషిని, అతను మొండివాడు అనుకుని మీరు నా పక్షం వహించే ప్రమాదం ఉంది.

చప్పుడు మాత్రం భరించరానిది. పాత పిట్టగోడ పగలగొట్టడం, కమ్మీలు కోసే మిషన్, గోడలకు తూట్లు వేసే డ్రిల్లు. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. పైన సుత్తి పడితే మా అలమరలో స్టీలు గ్లాసులు గలగలమనేవి. చెవుల్లో దూది పెట్టుకున్నాను. తలకు తడి తువ్వాలు చుట్టుకున్నాను. ఫ్యాను పెద్దది చేసి, దాని పక్కన టేబుల్ ఫ్యాను కూడా పెట్టుకుని పడుకున్నాను. ఒకసారి లాడ్జిలోనే సామాన్లు పెట్టే గదిలో పడుకుంటే యాత్రికుల పెట్టె ఒకటి నా మీద పడింది.

చివరికి వెళ్ళి శేఖరను అడిగాను. అతను కోప్పడలేదు. తనకూ వేరే రోజు లేదని చెప్పి, పొద్దునంతా ఇటుక పని చేసుకుని మిషన్లు మధ్యాహ్నం మీద ఆడిస్తానన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. ఎప్పుడో ఒకసారి తప్పితే మాట తప్పలేదు. అంత మంచిగా సర్దుకున్న మనిషి మీద నాకు కోపం ఎందుకు పెరిగిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. బహుశా తిట్టడానికి వీలు లేకుండా చేశాడని.

ఒక శనివారం నాకు అస్సలు నిద్ర లేదు. ఆ రాత్రి డ్యూటీలో, మనుషులున్న రూము తాళం ఇంకో కుటుంబానికి ఇచ్చేశాను. వాళ్ళు తలుపు తెరిస్తే లోపల ఎవరో పడుకుని ఉన్నారు. గోల అయింది. యాత్రికులందరి ముందు ఓనరు నన్ను నానా మాటలూ అన్నాడు. ఆదివారం పొద్దున ఆ ముఖం పెట్టుకుని సందులోకి వచ్చేసరికి శేఖర అప్పుడే పైన ఎక్కి మిగిలిన పిట్టగోడ పగలగొడుతున్నాడు. వాన కమ్ముకొస్తోందని ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టాడట. అది నాకు తర్వాత తెలిసింది.

మునెమ్మత్త కింద మెట్టు మీద కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను చూసి పలకరించింది.

"ఏమప్పా, ఇంకా పండుకోలేదా?"

పండుకోనిస్తే కదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. దానికి బదులు, లలిత అంతకు ముందు రోజే నాకు గుట్టుగా చెప్పిన సంగతి ఎత్తాను.

"అత్తా, గౌరి నీళ్ళు పోసుకోనుండాదంట కదా?"

ఆమె నవ్వింది. "నీ పెండ్లాం నోట్లో నువ్వుగింజ నానదే! మూడో నెల దాటేదాకా ఎవురికీ చెప్పొద్దంటి."

"సంతోషమే అత్తా. కానీ కడుపుతో ఉండే బిడ్డను ఇంట్లో పెట్టుకోని ఇట్లా పగలగొట్టుకుంటా ఉండారే?"

"ఏం? ఏమైతాది?"

"మా పక్క ఒప్పుకోరు. ఐరాలలో మా చిన్నాయన కోడలికి ఇట్లే జరిగినాది. మిద్దె మీద గది లేపతా ఉన్నారు. సుత్తి దెబ్బలు పడిన వారంలోనే కడుపు పోయినాది. మళ్ళా నిలబడలేదు."

ఆమె చేతిలో మునగాకు రెమ్మ అట్లాగే ఉండిపోయింది. పైకి చూసింది. నా వైపు చూసింది. "నువ్వు చెప్పింది మంచిదైనాదప్పా. వానికి చెప్తా," అంది.

ఐరాల అనే ఊళ్ళో నాకు చిన్నాయన ఉన్న మాట నిజం. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. కొడుకు లేడు, కోడలు ఎక్కడినుంచి వస్తుంది?

ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే కొత్తగా ఇల్లు మొదలుపెట్టకూడదనే పట్టింపు మా వైపు ఉంది. మొదలైపోయిన పనిని ఆపమని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. వాళ్ళకు గౌరి సంగతి తెలిసేనాటికే గోడలు సగం లేచాయి. ఉన్న పట్టింపును నేను కొంచెం సాగదీసి, దానికి లేని కోడలి కడుపు అతికించాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అంత సులువుగా ఎట్లా వచ్చింది? కౌంటరు దగ్గర వేడినీళ్ళు వస్తాయని చెప్పినంత సులువుగా వచ్చింది.

మునెమ్మత్త కొడుకుతో చెప్పింది. శేఖర ముందు నవ్వేశాడట. తర్వాత తల్లి ఏడిస్తే, వాన పడితే నీళ్ళు కిందికి దిగుతాయి, ఈ వారం ఒక్కటీ ఇచ్చెయ్, మళ్ళీ కాన్పు అయ్యేదాకా ముట్టుకోను అన్నాడట. వచ్చిన శనివారం ఒక పూట కూడా ఆగకుండా కొట్టాడు. నేను పడక మీద దొర్లుతూ, నా మాటకు విలువే లేకుండా పోయిందని పళ్ళు కొరికాను. నిజంగా అదే అనుకున్నాను.

మరునాడు ఆదివారం చప్పుడు లేదు. ఒక్క దెబ్బ కూడా లేదు. చివరికి అబద్ధం పనిచేసిందనుకున్నాను. మధ్యాహ్నం దాటేదాకా ఒళ్ళెరగకుండా పడుకున్నాను. చాలా నెలల తర్వాత వచ్చిన మంచి నిద్ర అది. లేచాక లలిత అన్నం పెడుతూ చెప్పింది, తెల్లవారుజామున గౌరిని ఆసుపత్రికి తీసుకుపోయారని. కడుపు నిలబడలేదని.

నేను అన్నం తిన్నాను. ఏం చేయాలో తెలియక తిన్నాను. జరిగిన దాన్లో నాకు ఎక్కువ సిగ్గు అనిపించేది ఆ నిద్ర, ఆ అన్నం.

మొదటి నెలల్లో ఇట్లా అవుతుంటుందని, ఎవరి తప్పూ కాదని, చప్పుళ్ళకు కడుపులు పోవని డాక్టరమ్మ విడమరిచి చెప్పిందట. ఆమె చెప్పింది ఎవరికీ ఎక్కలేదు. నేను చెప్పింది ఎక్కింది. మునెమ్మత్త మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి, "నువ్వు ముందే చెప్పినావప్పా. వాడు ఇన్లేదు. వాని చేతులారా వాడే చేసుకున్నాడు," అని ఏడ్చింది. అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట ఏమిటో తెలుసా? మన చేతుల్లో ఏముందత్తా అన్నాను. అది కూడా ఓదార్పుగానే తీసుకుంది.

అప్పటినుంచి ఆ సందులో నా మాటకు గౌరవం పెరిగింది. ముహూర్తాలకూ, ప్రయాణాలకూ నన్ను అడగడం మొదలుపెట్టారు. నేను చెబుతుండేవాణ్ణి. వద్దనడానికి కూడా ధైర్యం చాలలేదు.

శేఖర మిషన్లు ఇంకో మేస్త్రికి ఇచ్చేశాడు. బయట ఇటుక పనికి మాత్రం పోయేవాడు. ఎవరింటికి పోయినా ముందు ఆడవాళ్ళెవరైనా నీళ్ళు పోసుకుని ఉన్నారా అని అడిగేవాడు. ఉన్నారంటే వెనక్కి వచ్చేసేవాడు. ఇల్లు కట్టడానికి వచ్చినావా, సీమంతానికి వచ్చినావా అని జనం నవ్వేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు. గౌరి ఒక్కతే అతన్ని ఏమీ అనలేదని లలిత చెప్పేది. అనకపోవడమే అతనికి ఇంకా కష్టంగా ఉండిందేమో.

కొన్నేళ్ళకు వాళ్ళకు ఒక పాప పుట్టింది. చక్కగా ఉంది, బడికి పోతోంది. దాంతో నా తప్పు తీరిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ గది అట్లాగే ఉంది. పాప పుట్టిన తర్వాత కూడా శేఖర దాన్ని ముట్టుకోలేదు. సగం గోడలు, పైకి లేచిన కమ్మీలు. కమ్మీల మధ్య తాడు కట్టి గౌరి బట్టలు ఆరేసుకుంటుంది. నలుగురూ ఇంకా కింద ఉన్న ఆ ఒక్క గదిలోనే పడుకుంటారు. ఆదివారం పొద్దున పక్కింటినుంచి ఏ చప్పుడూ రాదు. నాకు నిద్ర పట్టదు.

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? నన్ను తిట్టేవాళ్ళు. మునెమ్మత్త మట్టి ఎత్తి పోసి శపించి ఉండేది. సందులో నా ముఖం ఎవరూ చూసేవాళ్ళు కాదు. అంతే కదా? అతను మాత్రం తన చేతులతో తన బిడ్డను పోగొట్టుకున్నానని అనుకోకుండా బతికేవాడు. నేను నా మర్యాద దాచుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? పోయిన నెల మా అమ్మాయి కాన్పుకు వచ్చింది. మా ఇంట్లో పాతకాలం మరుగుదొడ్డి. అమ్మాయికి కింద కూర్చోవడం కష్టంగా ఉందని, కుర్చీలా కూర్చునేది పెట్టిద్దామని మేస్త్రిని పిలిచాను. ఆదివారం పొద్దున వాళ్ళు పాత బండలు పగలగొట్టడం మొదలుపెట్టారు. రెండు దెబ్బలు పడ్డాయో లేదో శేఖర పరిగెత్తుకుంటూ వచ్చాడు. మేస్త్రి చేతిలోని సుత్తిని పట్టుకుని ఆపాడు.

"వద్దన్నా! మీ బిడ్డ కడుపుతో ఉండాది. ఆ దినం నువ్వే కదా మాయమ్మకు చెప్పింది? నేను ఇన్లేదు, అనుభవించినాను. నీకట్లా కాకూడదన్నా."

తలకు రంగు వేసుకోని మనిషి. వెంట్రుకలు సగం నెరిశాయి. కళ్ళలో నీళ్ళు. ఇంకా పుట్టని నా మనవడి కోసమో, మనవరాలి కోసమో.

అబద్ధమని తెలిసిన మనిషిని ఆ సందులో నేనొక్కణ్ణే. కాదు శేఖరా, నేను ఊరికే అన్నాను అనడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. నేను మేస్త్రి వైపు తిరిగి, ఆపేయమన్నాను. వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. శేఖర నా భుజం తట్టి, మంచి పని చేసినావన్నా అని వెళ్ళాడు.

"ఎందుకు నాయనా ఆపేసినావు?" అని మా అమ్మాయి అడిగింది. కాన్పు అయ్యాక చూద్దామన్నాను. అది ఇప్పటికీ గోడ పట్టుకుని, ఆయాసపడుతూ ఆ పాత దొడ్డిలోనే కూర్చుని లేస్తోంది. పొద్దున దాని మూలుగు వింటూ పడుకుని ఉంటాను.

శేఖరకు చెప్పాల్సింది ఇప్పుడు రాసి చూసుకుంటే చాలా చిన్న వాక్యం. గోడ దాటి వెళ్ళి చెబితే పది అడుగులు కూడా లేవు. వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాటల సంగతి చూశారు కదా. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎవరో ఒకరికి నిజం చెప్పాను, దాంతో కొంచెం ఊపిరి ఆడుతోంది.

శేఖరా, ఐరాలలో మా చిన్నాయనకు కోడలు లేదు.