కుర్చీ మారనన్న అక్క

మావారి ఉద్యోగం కోసం తుని వైపు నుంచి వచ్చి సుచిత్ర చౌరస్తా దగ్గర కాపురం పెట్టాం. పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక ఇంట్లో ఊసుపోక నేను కూడా మేడ్చల్లో ఒక స్విచ్చుల ఫ్యాక్టరీలో చేరాను. పని పెద్ద కష్టమేం కాదు. ప్లాస్టిక్ దిమ్మలో స్ప్రింగు కూర్చి, మూత పెట్టి, చిన్న చిన్న స్క్రూలు బిగించాలి. బిగించింది పక్కన పెట్టేలోపే ఇంకొకటి ముందుకొచ్చి నిలబడుతుంది. అంతే.

నా పక్క కుర్చీ ఒక అక్కది. తూంకుంట నుంచి వచ్చేది. నాకంటే వయసులో పెద్దది, ఎత్తులో జానెడు ఎక్కువ. చేతులు ఎంత వేగంగా ఆడేవో నోరూ అంత వేగంగా ఆడేది. వాళ్ళ ఆడపడుచు కూతురికి ఆ రోజుల్లో సంబంధాలు చూస్తున్నారు. ఏ పెళ్ళికొడుకు వచ్చాడు, ఎన్ని గారెలు తిన్నాడు, ఆ పిల్ల అతనికి ఏం వంక పెట్టి పంపించింది, అన్నీ నాకు పూసగుచ్చినట్టు చెప్పేది. ఆదివారం వస్తే తర్వాత ఏమైందోనని నాకు తోచేది కాదు.

ఒకరోజు ఇంట్లో తడి తువ్వాలు పిండబోతే కుడి చేతికి పట్టు చాల్లేదు. అప్పటికే కొన్నాళ్ళుగా బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. అదే పోతుందిలే అని కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చాను. ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియకూడదని నా భయం. చెయ్యి పనికిరాదంటే పనిలోంచి తీసేస్తారేమో.

అక్క దగ్గర ఏదీ దాగదు. టీ టైములో నన్నే చూస్తూ అడిగింది. "ఏంది చెల్లె, చాయ్ ఎడమ చేత్తోని తాగుతున్నవ్? సెయ్యి నొస్తాందా?"

ఏం లేదన్నాను. రెండోసారి అడిగేసరికి అంతా చెప్పేశాను, సూపర్‌వైజర్ సార్‌కి మాత్రం చెప్పొద్దని బతిమాలాను. ఆవిడ ఓపిగ్గా విని, గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళింది. ఆవిడ తన మణికట్టు మెలితిప్పి చూపిస్తుంటే నాకు నా కుర్చీలోంచే కనబడుతోంది. సాయంత్రం దాకా ఆవిడతో మాట్లాడలేదు.

"అలిగితె అలుగు" అంది అక్క. "సెయ్యి పోతె మల్ల రాదు."

ఆ సార్ కుర్రాడు, నెమ్మదైనవాడు. నన్ను తీసెయ్యలేదు సరికదా, మర్నాడు అందరినీ నిలబెట్టి ఇంకెవరికి ఇలా ఉందో చెప్పమన్నాడు. ముందు ఒకామె చెయ్యెత్తింది, ఆ వెనక ఇంకొకామె, తర్వాత సగం వరస. చివరికి అక్క కూడా ఎత్తింది, అదీ ఎడమ చెయ్యి. కుడి భుజం పైకి లేవడం లేదట. నా గుట్టు బయటపెట్టిన మనిషి తన నొప్పిని అంతకాలం నాకే చెప్పలేదు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

వారం తిరక్కుండా ఒక ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిపించారు. ఆ పిల్ల ఉపన్యాసాలేం ఇవ్వలేదు. మా పక్కనే స్టూలేసుకుని కూర్చుని చూసింది, తనూ కొన్ని స్క్రూలు బిగించింది. చెయ్యి వంచి, ఒకే తిప్పుడు రోజంతా తిప్పుతుంటే నరం ఒత్తుకుపోతుందని, నొప్పి వచ్చేదాకా ఆగకూడదని చెప్పింది. ఆ తర్వాత ఒక్కొక్కటే మారాయి. పైనుంచి స్ప్రింగుకు వేలాడే కరెంటు స్క్రూడ్రైవర్లు వచ్చాయి. నా కాళ్ళు నేలకు ఆనడం లేదని చెక్క పీట వేశారు. అక్క వంగిపోతోందని ఆవిడ బల్ల కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేశారు. నాకు కొన్నాళ్ళు మణికట్టుకు పట్టీ వేసి, స్విచ్చులు ఆడించి చూసే తేలిక పనిచ్చారు. మధ్యమధ్యలో అందరం లేచి చేతులు చాపి వేళ్ళు సాగదీయాలి. ఇవన్నీ అందరికీ నచ్చాయి.

నచ్చనిది ఒక్కటే. ఎవరూ రోజంతా ఒకే పని చెయ్యకూడదు, స్క్రూలు బిగించేవాళ్ళు కాసేపటికి లేచి చెకింగుకి, అక్కణ్ణించి ప్యాకింగుకి మారుతుండాలి.

"నేను జరుగ సారూ" అంది అక్క. "నాకు స్క్రూలు తప్ప ఇంకో పని రాదు."

సార్ బుజ్జగించి పంపించాడు. ఆ రోజు మా వరస పరీక్ష హాల్లా ఉంది. అక్క ప్యాకింగులో మూతి ముడుచుకుని డబ్బాలకు టేపు అంటిస్తోంది. నేను ఈ మూల ఒక్కదాన్నీ స్విచ్చులు టకటకలాడిస్తున్నాను. భోజనాల దగ్గర ఆవిడ అన్నం ముద్ద నోట్లో ఉండగానే కొత్త పెళ్ళికొడుకు సంగతి గబగబా చెప్పబోయి పొలమారింది. ఆవిడ వీపు నిమురుతుంటే నాకు అర్థమైంది. పని రాకపోవడం కాదు, పక్కన వినేవాళ్ళు లేకపోవడం.

సార్ దగ్గరికి వెళ్ళి, మమ్మల్ని విడివిడిగా కాకుండా ఇద్దరిద్దరుగా మార్చమని అడిగాను. ఎందుకన్నాడు. నిజమే చెప్పాను. "మా అక్కావాళ్ళింట్లో పెళ్ళిచూపులు సగంలో ఉన్నాయి సార్."

ఆయన పడీ పడీ నవ్వాడు. తర్వాత, సరే చూద్దామన్నాడు.

అప్పట్నుంచి జంటలు జంటలుగా మారుతున్నాం. ఎవరి పక్కన ఎవరుంటారో తేలాక గొడవే లేదు. అక్క టేపు అంటించడంలో కూడా ఆరితేరింది. నెలలు గడిచేసరికి నా వేళ్ళ తిమ్మిరి పోయింది, అక్క భుజం లేస్తోంది. నేను మానేసిన బట్టలు పిండే పని ఇంట్లో మావారికి అలవాటైపోయింది. చెయ్యి బాగైందని నేను వెంటనే చెప్పలేదు, ఆయనా అడగలేదు.

మొన్న మధ్యాహ్నం మేమంతా లేచి చేతులు చాపేసరికి క్యాంటీన్‌లో వంటచేసే పెద్దాయన చాయ్ కెటిల్‌తో గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. రోజూ పెద్ద గంటెతో పప్పు తిప్పీ తిప్పీ తన చెయ్యి కూడా గుంజుతోందట.

"నాది గూడ సెయ్యే గదమ్మా" అన్నాడు.

అక్క కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన కెటిల్ బల్ల మీద పెట్టి, మా వరస చివర నిలబడి, మాతోపాటు వేళ్ళు సాగదీశాడు. చాయ్ కొంచెం చల్లారిందిగానీ అందరం గ్లాసులు ఖాళీ చేశాం.